అమ్మిన జీవం మనది కాదా?

పోయిన ఎండాకాలం 7 పొట్టేళ్లు అమ్మాను. బేరగాడు ఇంటికే వచ్చి కొన్నాడు. నోట్లు లెక్క పెట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా వ్యాను. ఇద్దరు కుర్రాళ్లు ఒక్కో పొట్టేలును ఒకడు చెవులు, ఒకడు వెనక కాలు పట్టుకుని ఎత్తి లోపలికి విసిరేస్తున్నారు. నాలుగోది అంచుకు తగిలి కిందపడింది. మళ్లీ ఎత్తేసరికి ముందు కాలు నేల మీద ఆనించడం లేదు. నేను చూశాను. ఏమీ అనలేదు. డబ్బు చేతిలో పడింది, సరుకు వాడిది అయిపోయింది అనుకున్నాను.

దసరా ముందు అదే బేరగాడు మళ్లీ వచ్చాడు. ఈసారి జీవానికి 600 తక్కువ చెప్పాడు. అదేమిటయ్యా అంటే, "పోయినసారి మీ ఊరి సరుకుల రెండు తొవ్వలనే సచ్చినయ్ కాకా. మూడు కుంటుకుంట దిగినయ్. అవన్నీ నా నెత్తినే పడ్డయ్. ఇప్పుడు చూసుకోని కొనాలె గద" అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఆ కుంటిన కాలు ఖర్చు వాడు భరించలేదు. నా దగ్గరే వసూలు చేసుకున్నాడు.

ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, సుమారు 190 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్, సుమారు 176 లక్షలు. మన పాలమూరు పల్లెల్లో రెండెకరాల మెట్ట, పాతిక గొర్లు ఉన్న ఇల్లు వానలు మోసం చేసిన ఏడు కూడా నిలబడుతోందంటే ఆ గొర్ల వల్లనే. వాటి మేత గురించి, మందుల గురించి, నట్టల గురించి ఈ పేజీలో ఎన్నోసార్లు చదువుకున్నాం. పుట్టిన పిల్లను జున్నుపాలు తాగించి బతికించడం దగ్గర నుంచి అన్నీ మనకు తెలుసు. దొడ్డి తడక దాటాక ఆ జీవం ఏమవుతుందో మాత్రం మనం మాట్లాడుకోం. సంత నుంచి కత్తి దాకా ఉన్న ఆ ఒకటి రెండు రోజులు ఎవరి లెక్కలోనూ లేవు.

మాంసానికి పెంచుతున్నాం, కోస్తారు. అందులో దాపరికం లేదు. నేను మాంసం తినొద్దని చెప్పేవాణ్ని కాదు, పొట్టేళ్లు అమ్మే పిల్లకు పెళ్లి చేశాను. కానీ కోసే ముందు దాన్ని నానా హింస పెట్టాలని ఎక్కడా లేదు. ఆ హింస వల్ల ఎవరికీ పైసా లాభం లేదు. నోరులేని జీవం బాధ ఒక ఎత్తు, మన జేబుకు పడే చిల్లు ఇంకో ఎత్తు. రెండూ ఒకచోటే మొదలవుతున్నాయి.

బేరం ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. బేరగాడు వీపు మీద, నడుము మీద చెయ్యి వేసి నొక్కి చూస్తాడు. మాంసం ఎంత పడుతుందో మనసులో కట్టుకుంటాడు. 25 కిలోల జీవానికి 11, 12 కిలోల మాంసం వస్తుంది. అక్కడి నుంచి కిందికి దిగుతాడు. లారీ కిరాయి, మండి ఖర్చు, తన లాభం, ఇవి తీసేస్తాడు. ఇవి తీసేయడం న్యాయమే. ఆ తర్వాత ఇంకొకటి తీసేస్తాడు, అది నోటితో చెప్పడు. దారిలో చచ్చేవి, కాళ్లు విరిగేవి, ఎండిపోయి బరువు తగ్గేవి. ఇక్కడి నుంచి హైదరాబాద్ జియాగూడ మండి దాకా ఎన్ని నష్టపోతాడో వాడికి అనుభవం. ఆ నష్టాన్ని ముందే మన ధరలో కోసేస్తాడు. మంచిగా చూసుకున్న వాడి మందకూ అదే కోత, చూసుకోని వాడి మందకూ అదే కోత.

బరువు తగ్గడం అంటే కొద్దిగా కాదు. రోజంతా మేత, నీళ్లు లేకుండా లారీలో నిలబడిన గొర్రె తన బరువులో 5 నుంచి 8 శాతం దాకా పోగొట్టుకుంటుంది. మొదట పోయేది కడుపులోని మేత, మూత్రం, పేడ. వాటికి విలువ లేదనుకుందాం. ఎండ ఎక్కువై, ప్రయాణం సాగే కొద్దీ కండలోని నీరు కూడా పోతుంది. అది మాంసమే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బెదిరిన జీవం, అలిసిపోయిన జీవం మాంసం మంచిగా ఉండదు. కండలో గ్లైకోజెన్ అని ఒక రకం పిండి పదార్థం నిల్వ ఉంటుంది. కోసిన తర్వాత అది ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం వల్లే మాంసం మంచి రంగులో, తొందరగా చెడిపోకుండా ఉంటుంది. గంటల తరబడి తొక్కిసలాటలో, భయంలో ఉన్న జీవానికి ఆ నిల్వ అంతా కోయకముందే ఖర్చయిపోతుంది. అలాంటి మాంసం నల్లగా, గట్టిగా, పొడిగా కనిపిస్తుంది, తొందరగా వాసన వస్తుంది. దెబ్బ తగిలిన చోట నెత్తురు గడ్డకట్టి ఉంటే ఆ ముక్క కోసి పారేయాల్సిందే. చెవి పట్టి, ఉన్ని పట్టి గుంజినా చర్మం కింద కమిలిపోతుంది. బొచ్చు కింద కాబట్టి మనకు కనిపించదు, తోలు తీసినవాడికి కనిపిస్తుంది.

చట్టం ఏమంటోంది? జంతు హింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1978లో రవాణా నియమాలు చేశారు. నాలుగున్నర, అయిదు టన్నుల లారీలో 40 గొర్రెలకో మేకలకో మించి ఎక్కించకూడదు. కింద గడ్డి పరవాలి, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా. కాళ్లు కట్టేయకూడదు. దారికి సరిపడా మేత, నీళ్లు ఉండాలి. పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. ఆడవాటిని, మగవాటిని ఒకే అరలో కలపకూడదు. ఇందులో ఒక్కటైనా మన రోడ్ల మీద జరుగుతోందా అంటే జాతీయ రహదారి పక్క టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడి చూడండి. రెండంతస్తుల కట్టెలు కట్టి, పైవాటి మూత్రం కిందివాటి కళ్లలో పడుతుంటే పోతున్నాయి.

బేరగాడి వాదన కూడా వినాలి. 40 జీవాలంటే టన్ను బరువు, అయిదు టన్నుల బండి ఖాళీగా పోవాలా అంటాడు. కానీ జీవం సిమెంటు బస్తా కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చడానికి లేదు, దానికి కావాల్సింది నిలబడే జాగా. కిందపడ్డది లేవడానికి జాగా లేకపోతే మిగతావి దాన్ని తొక్కి చంపుతాయి. దారిలో చచ్చేవాటిలో చాలావరకు ఇట్లా చచ్చేవే.

లెక్క కోసం అనుకుందాం. కిరాయి 8,000. వంద ఎక్కిస్తే తలకు 80 పడుతుంది, 40 ఎక్కిస్తే 200. తేడా 120 రూపాయలు. ఇప్పుడు అటువైపు చూడండి. జీవం ధర 10,000 అనుకుంటే వందలో ఒకటి చచ్చినా తలకు 100 పడింది. రెండు కాలు విరిగి సగం ధరకు పోతే ఇంకో 100. బరువు తగ్గింది, మాంసం కమిలింది లెక్క వేయకముందే 120 దాటిపోయింది. అయినా వంద ఎందుకు ఎక్కిస్తాడు? కిరాయి వాడి జేబులో నుంచి ఆ రోజే పోతుంది. చావు ఖర్చు మన ధరలో నుంచి ముందే కోసి పెట్టుకున్నాడు. వాడికి తొందరేముంది?

ఎండ సంగతి వేరే చెప్పాలి. పొట్టేళ్లకు మంచి ధర పలికేది బక్రీద్‌కు. 2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అంటే రాబోయే ఏళ్లలో నడి మే నెలలో, ఆ తర్వాత ఏప్రిల్‌లో వస్తుంది. ఏడాదిలో ఎక్కువ జీవాలు లారీ ఎక్కే వారం, ఎండ మండిపోయే వారం ఒకటే కాబోతున్నాయి. గొర్రె ఒంటి వేడిని ఎక్కువగా రొప్పుతూ పోగొట్టుకుంటుంది. రేకుల బండిలో గాలి ఆడకుండా కుక్కితే రొప్పి ఏం లాభం? పొద్దు గూకినాక ఎక్కించి తెల్లారేసరికి దింపితే సగం చావులు ఆగుతాయని నా నమ్మకం. బేరం కుదిరేటప్పుడే "సాయంత్రం ఆరు దాటినాకనే ఎక్కిస్త" అని మనం చెప్పొచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. ఒకటే కష్టం, బేరగాడు ఇంకో ఊరికి పోవాలని తొందర చేస్తాడు.

2017 సంగతి మనం మరచిపోలేదు. ఆ ఏడు జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్, విలువ 1.25 లక్షలు, 75 శాతం రాయితీ. పొరుగు రాష్ట్రాల నుంచి లారీల మీద లారీలు దిగాయి. దారిలోనే చచ్చినవి, దిగిన వారం పది రోజుల్లో చచ్చినవి అప్పట్లో పత్రికల్లో చదివాం, కొందరం మన వాడల్లోనే చూశాం. రోగం అన్నారు, వాతావరణం పడలేదు అన్నారు. అవీ నిజమే. కానీ వందల కిలోమీటర్లు నీళ్లు లేకుండా ఇరుక్కుని వచ్చిన జీవానికి రోగం ఆపుకునే శక్తి ఎక్కడిది? పారుడు రోగం ఉన్న ఒక్కటి ఆ లారీలో ఉంటే చాలు, మొత్తానికి అంటుకుంటుంది. పెంచుకోవడానికి తెచ్చిన వాటి గతే అట్లా ఉంటే, కోతకు పోయేవాటి సంగతి అడగాలా?

ఇంతవరకు బేరగాణ్ని అన్నాను. ఇప్పుడు మన సంగతి.

సంతకు తోలే ముందు రాత్రి ఉప్పు నాకించి, పొద్దున్నే కడుపు ఉబ్బేదాకా నీళ్లు తాగించే పద్ధతి మన ఊళ్లలో లేదని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? కిలో పెరిగినట్టు కనిపిస్తుందని ఆశ. బేరగాడు పిచ్చివాడు కాదు, పొట్ట మీద ఒక్క తట్టు తట్టి పసిగడతాడు. పసిగట్టి అందరి ధరా తగ్గిస్తాడు. నీళ్లు నిండిన కడుపుతో లారీ ఎక్కిన జీవం దారి పొడుగునా నరకం పడుతుంది. నీళ్లు పట్టండి, కానీ దాహానికి తగినన్ని. ఎక్కించే ముందు పచ్చిగడ్డి, గింజలు దండిగా పెట్టకుండా కొద్దిగా ఎండుమేత వేయండి చాలు.

మందలో పారుడు రోగమో బొబ్బలో కనిపిస్తే మిగిలినవి చావకముందే సంతకు తోలేయడం రెండో తప్పు. ఆ సంతలో పక్కన నిలబడ్డ మంద మీ మేనమామ కొడుకుది కావచ్చు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, చూడి గొర్రెను కోతకు అమ్మడం. 2001 కబేళా నియమాల ప్రకారం చూడిదాన్ని కోయకూడదు. మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. మూడు నెలలు నిండని పిల్లను కోయకూడదు. కరువు ఏడు మేత లేక అమ్ముతాం, అది అర్థం చేసుకోగలను. ఇంటి అవసరం ఆగదు. కానీ ఏ కరువూ లేని ఏడు కూడా పళ్లు ఊడిన ముసలి గొర్రెను పొట్టేలు దాటాక, మూడు నెలల చూడితో అమ్మినవాళ్లున్నారు. కడుపులో పిల్ల ఉందని తెలిసే అమ్ముతాం, ఒళ్లు చేసి కనిపిస్తుంది కాబట్టి. కొనేవాడు దానికి ధర కట్టడు. తల్లి పోయింది, పిల్ల పోయింది, డబ్బూ రాలేదు. దీనికి ఉపాయం ఉంది. విత్తనపు పొట్టేలును ఏడాది పొడుగునా మందలో వదిలేయకుండా విడిగా కట్టేయండి. వదలడానికి పది రోజుల ముందు గొర్రెల నోళ్లు, పొదుగులు చూడండి. పళ్లు ఊడినవి, పొదుగు గట్టిపడ్డవి అప్పుడే తీసేసి అమ్మండి. 20 గొర్రెల మందకు ఒక పూట పని. గొర్రె చూడి అయిదు నెలలు కాబట్టి ఎప్పుడు వదిలితే ఎప్పుడు ఈనుతాయో కూడా మన చేతిలోనే ఉంటుంది.

ఎక్కించే విషయానికి వస్తే, గొర్రె గుణం మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక్కదాన్ని విడదీస్తే బెదురుతుంది, నలుగురితో పోతుంది. ముందు ఒకటి నడిస్తే వెనక అన్నీ నడుస్తాయి. చీకట్లోకి అడుగు వేయదు, వెలుతురు ఉన్న వైపు పోతుంది. ఎత్తు ఎక్కడానికి వెనకాడదు, దూకడానికే జంకుతుంది. ఇవన్నీ తెలిసి కూడా ఎత్తి విసరనిస్తున్నాం. బండిని రోడ్డు పక్క గట్టుకు వెనక్కి ఆనించి, సందులో రెండు పలకలు వేసి, మచ్చికైన మేకపోతును ముందు నడిపిస్తే పది నిమిషాల్లో అన్నీ వాటంతట అవే ఎక్కుతాయి. ఒక్కదాన్నే పట్టుకోవాల్సి వస్తే ఒక చెయ్యి గదమ కింద, ఇంకో చెయ్యి వెనక తొడ మీద పెట్టి నడిపించండి. చెవి, కొమ్ము, ఉన్ని, తోక ముట్టుకోవద్దు. పిల్లలకు కూడా ఇదే నేర్పండి.

మన మంద మంచిదని బేరగాడు ధర ఎక్కువ ఇస్తాడా అని అడుగుతారు. చూపు బేరం ఉన్నంతకాలం ఇవ్వడు. అందుకే తూకం కావాలి. వేలాడే కాంటా, కింద గోనె పట్టా, చెట్టు కొమ్మ ఉంటే చాలు. పదిమంది చందా వేసుకుంటే ఒక గొర్రె పిల్ల ఖరీదు కూడా కాదు. ఊళ్లో గొర్రెల పెంపకందార్ల సహకార సంఘం ఉంటే అది కొనాలి. సభ్యత్వ పుస్తకాలు ఇచ్చి ఊరుకోవడానికా సంఘం?

కాంటా లేనివాళ్లు టేపుతో కొలవొచ్చు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. ఉన్ని ఉంటే అదిమి పట్టి కొలవండి. ఆ అంకెను దాంతోనే గుణించి, జబ్బ నుంచి తోక మొదలు దాకా పొడవుతో మళ్లీ గుణించి 660తో భాగించండి. చుట్టు 26, పొడవు 24 అంగుళాలుంటే 24 కిలోల పైచిలుకు వస్తుంది. కిలో రెండు కిలోలు అటూ ఇటూ ఉంటుంది, కాంటా అంత కచ్చితం కాదు. అయినా బేరగాడు "ఇరవై కూడ లేదు" అన్నప్పుడు మన దగ్గర ఒక అంకె ఉంటుంది. ఇంటి దగ్గర తూకం ఇంత అని తేలాక దారిలో తగ్గింది వాడి నష్టం అవుతుంది. తన నష్టం అయినప్పుడు నీళ్లు ఎందుకు పట్టడు, గడ్డి ఎందుకు పరవడు?

మా పక్కింటి ఆయనకు ఇదంతా చెబితే నవ్వాడు. "రేపు సచ్చేదానికి పరుపులెందుకే" అన్నాడు. ఆయన మంచివాడే. పోయిన వానాకాలం చిటుకు రోగం వచ్చి పిల్లలు పోతుంటే రాత్రంతా దొడ్లోనే కూర్చున్నాడు. ఒక పిల్ల పోయినప్పుడు ఆయన ముఖం చూశాను. అందుకే ఆ మాట నోటి మాటే అనుకుంటాను. రేపు సచ్చేదైనా ఇవ్వాళ బతికే ఉంది కదా అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు, బీడీ ముట్టించాడు.

ఈ శనివారం 6 పొట్టేళ్లు అమ్ముతున్నాను. మా ఊరి బడి వెనక నడుం ఎత్తు గట్టు ఉంది. బండిని అక్కడికే పెట్టమని, పొద్దు గూకినాకనే రమ్మని ఫోన్‌లో చెప్పాను. తూకం మా వేపచెట్టు కింద అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఇంకో గంట ఎక్కువ పడ్తది కాకా" అన్నాడు.

"పట్టనియ్ తమ్మీ" అన్నాను.